సైడ్ ఏ కీర్తనలు, సైడ్ బీ బోనీ ఎం

నవంబరు నెలాఖరు రాగానే డాలస్‌లో ఉండే మా అన్నయ్య కూతురు నాకొక పని పురమాయిస్తుంది. "బాబాయ్, క్రిస్మస్ పాటల లిస్టు నువ్వే చెయ్యాలి. వేరేవాళ్లు చేస్తే అందరూ గొడవపడతారు" అని. నేను చేసినా గొడవపడతారు. కాకపోతే నన్ను తిట్టడం మావాళ్లకి ఎప్పటినుంచో అలవాటు, మొహమాటపడక్కర్లేదు.

ఈ పని నా నెత్తిన పడటానికి కారణం ఉంది. తెనాలి దాటి రేపల్లె వైపు వెళ్తే వచ్చే డెల్టా పల్లె మాది. తొంభైల మొదట్లో మా ఇంటి క్రిస్మస్ క్యాసెట్ చేయించింది నేనే. చేయించడం ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. తెనాలిలో పాటలు రికార్డు చేసిచ్చే కొట్లు ఉండేవి. కావలసిన పాటలు తెల్లకాగితం మీద వరసగా రాసి, డబ్బులు కట్టి వస్తే, కొన్నాళ్లకి మన క్యాసెట్ మనకి తయారయ్యేది. సినిమా పాటలైతే కొట్టాయన కాగితం సగం చూసి జేబులో పెట్టుకునేవాడు. నా లిస్టు చూసి మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఇవన్నీ నా దగ్గరెక్కడివి బాబూ, మీవాళ్ల దగ్గరున్న క్యాసెట్లు తెచ్చుకో, వరసగా ఎక్కించిస్తా" అన్నాడు. ఇంక పేటంతా తిరిగి క్యాసెట్లు అప్పు తేవడం నా పని. ప్రతి ఇంట్లోనూ క్యాసెట్‌తో పాటు, టేపు నలిగితే నీదే పూచీ అని ఒక హెచ్చరిక కూడా చేతిలో పెట్టేవాళ్లు.

అరవై నిమిషాల క్యాసెట్, వైపుకి ముప్పై నిమిషాలు. అసలు చిక్కంతా అక్కడే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చేతిలో పట్టుకున్నవాళ్లకి తెలుసు, ఒక్కో కీర్తనకి పల్లవి, అనుపల్లవి పోను ఎన్ని చరణాలుంటాయో. మా గుళ్లో హార్మోనియం మా పెదనాన్నది. మొదటి చరణం, చివరి చరణం పాడి మమ అనిపించడం ఆయనకి గిట్టదు. "వాక్యం చదివేటప్పుడు మధ్యలో వచనాలు వదిలేస్తావట్రా?" అనేవారు. ఆయన పాడినంత నిదానంగా, పాడినన్ని చరణాలతో ఎక్కిస్తే ఒక వైపుకి నాలుగు కీర్తనలు పట్టడం కూడా కష్టం.

ఆ పుస్తకం గురించి రెండు మాటలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ప్రతి కీర్తన నెత్తిమీదా రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటివాళ్లు పంతొమ్మిదో శతాబ్దంలోనే తెలుగు కీర్తన పద్ధతిలో క్రీస్తు మీద పాటలు కట్టారు. లూథరన్లు, బాప్తిస్టులు, మెథడిస్టులు ఒకరి గుడికి ఒకరు వెళ్లకపోయినా ఇళ్లలో పుస్తకం మాత్రం అదే. అందులోనే పాశ్చాత్య బాణీలకి తెలుగు మాటలు కూర్చిన పాటలూ ఉంటాయి: ఓ సద్భక్తులారా, దూత పాట పాడుడి, శుద్ధ రాత్రి. మా నాయనమ్మ మొదటి రకాన్ని మన పాటలు అనీ, రెండో రకాన్ని దొరల పాటలు అనీ అనేది. దొరలంటే ఆవిడకి చిన్నచూపేం లేదు. 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన హయ్యర్ దొర గురించి, స్వయంగా ఎరిగిన మనిషి లాగే చెప్పేది. అయినా క్యాసెట్ సంగతి వచ్చేసరికి, "దొరల పాటలు ఒకటో రెండో చాలురా, మనవి పెట్టు" అని తీర్పు ఇచ్చేసింది.

మనవి పెట్టమంటే ఏవి పెట్టాలి? నాకు తెలిసిన క్రిస్మస్ పాటలన్నీ నేను కూర్చుని విన్నవి కావు. క్యారల్స్ రౌండ్స్‌లో, అంటే ఇంటింటికీ తిరిగి పాడే రాత్రుళ్లలో, నడుస్తూ నేర్చుకున్నవి.

పండక్కి ముందు రాత్రుళ్లు రౌండ్స్ ఉండేవి. రాత్రి భోజనాలయ్యాక గుడి దగ్గర పోగయ్యేవాళ్లం. ముందు పెట్రోమాక్స్ లైటు, దాని వెనక వెదురు బద్దలకి రంగు కాగితాలు అంటించిన నక్షత్రం, దాని వెనక పెద్దవాళ్లు, చివర శాలువాలు కప్పుకున్న ఆడవాళ్లు, ఇంట్లో ఉండమన్నా ఉండని మాలాంటి పిల్లలు. మా పేట అయ్యాక పొలం గట్ల మీదుగా పక్క ఊరి పేటకి వెళ్లేవాళ్లం. డిసెంబరు అంటే డెల్టాలో వరి కోతలు అయిపోతాయి, మళ్లలో మినుము మొలకలు లేచి ఉంటాయి. మంచులో గట్టు కనపడక ఎవడో ఒకడు పక్కకి కాలేసేవాడు. "గట్టు దిగకండ్రా, మినుము తొక్కుతున్నారు!" అని వెనక నుంచి కేక. అది కూడా పాట మధ్యలోనే, తాళం తప్పకుండా.

మంచు వల్ల ఇంకో ఇబ్బంది కంజీరకి. అర్ధరాత్రి దాటేసరికి చర్మం చెమ్మ పట్టి వదులైపోయి, ఎంత కొట్టినా డబ్బా మోత మోగేది. మా చిన్న బాబాయి దారి పక్కన నాలుగు గడ్డిపోచలు పోగేసి అగ్గిపుల్ల గీసేవాడు. కంజీరని మంట మీద దగ్గరగా పట్టకుండా, జానెడు ఎత్తున పెట్టి మెల్లగా తిప్పేవాడు. మధ్యమధ్యలో చెవి దగ్గరికి తెచ్చుకుని వేలితో ఒక దెబ్బ. ఇంకా లేదని తల అడ్డంగా ఊపి మళ్లీ మంట మీదికి. ఆ కాసేపూ అందరికీ చలి కాచుకోవడానికి సాకు దొరికేది. చివరికి కంజీర ఖణేల్మనేది, పెదనాన్న పల్లవి ఎత్తుకునేవారు, గుంపు కదిలేది.

ఆ నడకలో తెలిసింది, పాటలన్నీ నడవవు. రారె చూతము నడుస్తుంది. చింత లేదిక ఇంకా బాగా నడుస్తుంది, కాళ్లు వాటంతట అవే పడతాయి. శ్రీ యేసుండు జన్మించె పాటని ముందున్నవాళ్లు ఒక ముక్క అంటే, గట్టు మలుపులో వెనకబడ్డవాళ్లు అందుకుని అదే ముక్క తిరిగి అనొచ్చు. పాట ఎక్కడా తెగదు. శుద్ధ రాత్రి అలా కుదరదు. దానికి నిలబడాలి, ఊపిరి కుదురుగా ఉండాలి. అందుకే అది ఇంటి వాకిట్లోకి వచ్చాక, ఇంటివాళ్లు నిద్రకళ్లతో తలుపు తీశాక పాడేది. తర్వాత ఒక వాక్యం, ప్రార్థన, కానుక. కొన్ని ఇళ్లలో టీ, కొన్ని ఇళ్లలో అరటిపళ్లు. టీ ఇచ్చే ఇళ్లేవో పిల్లలకి బాగా గుర్తు.

ఇంకో చిత్రం. నడిచే పాటల్లో మాటలు కూడా నడక గురించే ఉంటాయి. రండి చూద్దాం అని ఒకటి, మేము వెళ్లి చూచినాము అని ఇంకొకటి. గొల్లలు రాత్రిపూట మందలు వదిలేసి బెత్లెహేము వెళ్లారని లూకా సువార్తలో ఉంటుంది కదా. ఈ పాటలు రాసినవాళ్లు అదంతా మనసులో పెట్టుకునే రాశారేమో గాని, మినప చేల మధ్య పాడుతుంటే మాకు వేరే వివరణ అక్కర్లేకపోయింది.

అందుకని సైడ్ ఏ లెక్క సులువుగానే తేలింది. బయల్దేరే పాటలు ముందు, వాకిట్లో పాటలు మధ్యలో, చూసి తిరిగొచ్చే పాట చివర్లో. పెదనాన్నకి చరణాలు తగ్గినందుకు కోపం వచ్చింది గాని, వరస విని ఊరుకున్నారు.

గొడవంతా సైడ్ బీ దగ్గర.

అన్నయ్య అప్పట్లో గుంటూరులో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. సెలవలకి వచ్చేటప్పుడు బోనీ ఎం అనే పాప్ బృందం క్యాసెట్ తెచ్చాడు. అందులో మేరీస్ బాయ్ చైల్డ్ పాట 1978లో వచ్చింది, మా ఊరికి రావడానికి మాత్రం పదేళ్లు పైనే పట్టింది. కరీబియన్ గొంతులు, జర్మనీలో తయారైన సంగీతం, మా పెరట్లో చెట్టుకి కట్టిన స్పీకరు. మాటలు మాకు సగం కూడా అర్థం కాకపోయినా, గుళ్లో క్రిస్మస్ తాత వేషం వేసేవాడు మాత్రం ఆ బీటుకి ప్రాణం పెట్టేవాడు. అంతకుముందు వాడికి జింగిల్ బెల్సే దిక్కు. మధ్యలో ఒక మాట. 1857లో అచ్చయిన ఆ జింగిల్ బెల్స్ పాటలో క్రీస్తూ లేడు, క్రిస్మస్ అనే మాటా లేదు. మంచులో గుర్రపుబండి షికారు గురించిన పాట అది. మంచు కురవడం ఎన్నడూ చూడని రేపల్లె పిల్లలం గొంతులు చించుకుని పాడేవాళ్లం. ఆ సంగతి తెలిశాక కూడా నాకు దాని మీద ఇష్టం తగ్గలేదు, కానీ లిస్టులో చోటు మాత్రం ఇవ్వను. దానికి తాత వేషం ఉండాలి, ఎదురుగా పిల్లలుండాలి, ఉత్తినే వింటే ఏమీ ఉండదు.

నాన్నకి అమెరికన్ గాయకుడు జిమ్ రీవ్స్ కావాలి. స్కూలు మేస్టారు, ఇంగ్లీషు చెప్పేవారు, ఉచ్చారణ స్పష్టంగా ఉంటుందని ఆయనకి ఆ గొంతంటే గౌరవం. 1963లో క్రిస్మస్ పాటల రికార్డు చేసి, మరుసటి ఏడే విమాన ప్రమాదంలో పోయాడు పాపం. ఆ గొంతులో తొందర ఉండదు. పండగనాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక, మడత మంచాలు వాల్చిన తర్వాత వినాల్సిన పాటలవి. అన్నయ్య "నిద్రొస్తుంది నాన్నా" అంటే, "రావాల్సింది అదే" అనేవారు.

అక్క పట్టు వేరే. కదిలింది కరుణరథం పెట్టాల్సిందే అంది. కరుణామయుడు సినిమాలో బాలసుబ్రహ్మణ్యం పాట. ఆ సినిమా కూడా 1978దే. అక్కా, అది సిలువ మోసుకెళ్లేటప్పటి పాట, గుడ్ ఫ్రైడేకి పాడేది, పుట్టినరోజు నాడు ఎలా పెడతాం అని ఎంత చెప్పినా వినదు. "పుట్టింది అందుకే కదరా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, పెదనాన్న దగ్గర కూడా లేదు. పాట ఎక్కింది. మా క్యాసెట్‌లో బోనీ ఎం తర్వాత కరుణరథం వస్తుంది. ఆ వరస విన్న చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు.

గిటారు గొడవ కూడా అప్పుడే. యూత్ పిల్లలు గుళ్లో గిటారుతో పాడతామంటే సంఘపెద్దలు ఒప్పుకోలేదు. సినిమా వాయిద్యం గుళ్లోకి తేవద్దన్నారు. అన్నయ్య లేచి, శుద్ధ రాత్రి పాటని మొట్టమొదట పాడిందే గిటారుతో అన్నాడు. నిజమే. ఆస్ట్రియాలో ఓబెర్న్‌డోర్ఫ్ అనే ఊరి చర్చిలో 1818 డిసెంబరు 24 రాత్రి, యోసెఫ్ మోర్ అనే కాథలిక్ ఫాదరు రాసిన మాటలకి ఫ్రాంజ్ గ్రూబర్ బాణీ కడితే, ఇద్దరూ కలిసి గిటారు మీదే పాడారు. ఆర్గన్ తిత్తుల్ని ఎలుకలు కొరికేశాయని క్రిస్మస్ ప్రసంగాల్లో వినపడే ముక్క కట్టుకథ. గిటారు మాత్రం కథ కాదు. సంఘపెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక్క పాటకి, అది కూడా శుద్ధ రాత్రికే, అనుమతి ఇచ్చారు. ఆ రాత్రి గిటారు శ్రుతి హార్మోనియం శ్రుతి కలవలేదు. పెదనాన్న మొహంలో సంతోషం దాచుకున్నా దాగలేదు.

తర్వాత అన్నయ్య పెళ్లయి వదిన వచ్చాక ఇంకో లెక్క మొదలైంది. వాళ్లది మెదక్ వైపు. అక్కడి పెద్ద గుడిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. మా గుడి పుట్టినరోజే క్రిస్మస్, మీరు మాకు పాటలు నేర్పుతారా అనేది సరదాగా. ఆవిడ వచ్చాకే మాకు తెలిసింది, ఒకే పుస్తకంలోని ఒకే కీర్తనని మిషన్ మిషన్‌కీ ఒక్కో వరసలో పాడతారని. మేము సాగదీసే చోట వాళ్లు విరుస్తారు. మొదటి ఏడాది వంటింట్లో అరిసెలు వత్తుతూ వదిన తన వరసలో ఎత్తుకుంటే, నాయనమ్మ పిండి కలుపుతూ తన వరసలో అందుకుంది. ఇద్దరూ మానలేదు. పాకం ముదిరిపోతోందని అమ్మ కేకేస్తే గాని ఆగలేదు. లిస్టులో ఏ వరస పెట్టాలన్న సంగతి ఈనాటికీ తేలలేదు.

రికార్డింగ్ కొట్లో ఎక్కించినవి కాకుండా మా దగ్గర ఇంకో క్యాసెట్ కూడా ఉండేది. మా మేనమామ కువైట్ నుంచి తెచ్చిన టూ ఇన్ వన్‌లో, ఒక ఏడాది రౌండ్స్‌ని సొంతంగా రికార్డు చేశాం. సెల్లులు చలికి నీరసించాయేమో, మధ్యలో గొంతులు కాస్త సన్నబడతాయి. కుక్కలు అరుస్తాయి, ఎవరో దగ్గుతారు. రారె చూతము రెండో చరణంలో మా పేట చివరింటి ఆవిడ గొంతు ఖంగున వినపడుతుంది: "ఏమయ్యా, మా ఇల్లు కనపళ్లేదా, దాటి పోతున్నారు?" పెదనాన్న పాట ఆపకుండా, అదే రాగంలో, "వస్తున్నామమ్మా వస్తున్నాం" అని కలిపేస్తారు. కొన్నాళ్లకి మా ఇంట్లో ఎవరు ఆ కీర్తన పాడినా ఆ ముక్క కూడా కలిపి పాడటం మొదలైంది. నా కొడుక్కి చిన్నప్పుడు అది కీర్తనలో భాగమే అనుకునేంతగా. బూజు పట్టి ఆ క్యాసెట్ పోయింది. తెనాలి క్యాసెట్ మాత్రం ఉంది. టేపు సాగి, జిమ్ రీవ్స్ కూడా నిద్రలో పాడుతున్నట్టు ఉంటాడు.

ఇప్పుడు ముప్పై నిమిషాల గొడవ లేదు. ఫోన్లో ఎన్ని పాటలైనా పెట్టొచ్చు. పని సులువవ్వాలి, కానీ నాకు కష్టమైంది. వెతికితే ఒక్కో కీర్తనకి పదుల కొద్దీ రికార్డింగులు వస్తాయి. వాటిలో చాలావాటికి ముందు సినిమా ట్రైలర్ లాంటి మోత, వెనక కీబోర్డులో పట్టిన తీగవాయిద్యాల హోరు, గొంతుకి ప్రతిధ్వని. గొంతులు మంచివే. కానీ ఆ వేగానికి నడవలేం, పరిగెత్తాలి. కొన్నైతే ఎంత మెల్లగా ఉంటాయంటే గట్టు మీద నిలబడిపోవాలి. నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మా అపార్ట్‌మెంటు కింద రాత్రిపూట నడుస్తూ ఒక్కొక్కటీ వింటాను. అడుగు కుదిరితే ఉంచుతాను, కుదరకపోతే తీసేస్తాను. వాచ్‌మన్‌కి నేను డాక్టరు చెప్పాడని నడుస్తున్నట్టు లెక్క.

ఈ ఏడాది లిస్టు దాదాపు అయింది. ముందు చింత లేదిక, తర్వాత రారె చూతము, శ్రీ యేసుండు. మధ్యలో ఓ సద్భక్తులారా, దూత పాట. శుద్ధ రాత్రి రెండుసార్లు, ఒకటి అందరూ కలిసి పాడింది, ఒకటి ఉత్త గిటారు మీద, అన్నయ్య కోసం. బోనీ ఎం ఉంది, దాని వెనకే కరుణరథం ఉంది, ఆ వరస మార్చడానికి అక్క ఒప్పుకోదు. జిమ్ రీవ్స్ పాటలు చివర్లో, డాలస్‌లో భోజనాలయ్యే వేళకి. ఈమధ్య పాటలు పిల్లలు కొన్ని పంపారు, వాటిలో రెండు నాకూ నచ్చాయి. మిగతావి వాళ్లు వేరే లిస్టు చేసుకుంటారట, మంచిదే.

ఒక్కటే కుదరలేదు. మేము వెళ్లి చూచినాము పాట నాకు కావలసినట్టు దొరకలేదు. కీబోర్డు లేకుండా, కంజీర, తాళాలతో, నలుగురూ కలిసి నడక వేగంలో పాడింది ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి. ఫోన్లో తీసిందైనా సరే, కుక్కలు అరిచినా సరే. చరణాలు మాత్రం అన్నీ ఉండాలి. పెదనాన్నకి తొంభై దాటాయి, కళ్లు సరిగ్గా ఆనడం లేదు గాని చెవులు పనిచేస్తున్నాయి. లిస్టు ముందు ఆయనకే వినిపించాలి.